రామప్ప చుట్టూ నడకదారులు కావాలి

సంపాదక మహాశయులకు,

గత వేసవిలో దక్షిణ ఫ్రాన్స్‌లోని కోంక్ అనే కొండపల్లెలో మూడు రోజులున్నాను. స్పెయిన్‌లోని శాంటియాగోకు వెళ్లే క్రైస్తవ యాత్రికుల దారిలోని ఆ ఊరి సెంత్ ఫ్వా ఆలయంలో, అంతిమ తీర్పును చెక్కిన 12వ శతాబ్దపు ద్వారశిల్పం ముందు నిలబడితే నాకు రామప్ప గుడిలోని మదనికల శిల్పాలే కళ్లలో మెదిలాయి. అక్కడ గుడి చూసినవారు వెంటనే బస్సెక్కి వెళ్లిపోరు. రాళ్ల మీద, చెట్ల మీద దారి చూపేందుకు వేసిన తెలుపు, ఎరుపు గీతలను పట్టుకుని, పాత రాతివంతెన దాటి, అడవి నీడన పక్క ఊళ్లకు నడుస్తారు.

1213 నాటి మన రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అయినా చెరువు కట్ట మీద, చుట్టుపక్కల ఉన్న చిన్న గుళ్లకు నేను దారి అడుగుతూనే వెళ్లవలసి వచ్చింది. అధికారులు పాలంపేట రైతులను సంప్రదించి, పొలాల గట్ల వెంట అలాంటి గుర్తులు వేయించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, హనుమకొండ