వేబ్రిడ్జి డబ్బా మీద కంప్యూటర్ కనెక్షన్ ఐదు సెట్టింగ్స్ రాసి ఇయ్యాలె

ఎడిటర్ గారికి నమస్తే,

నేను మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లుల్లో కంప్యూటర్ సర్వీస్ చేస్తుంట. కొన్ని మిల్లుల్లో వేబ్రిడ్జి (లారీలు తూచే కాంటా) కాడ ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీ సిస్టమే నడుస్తది, 2014 ఏప్రిల్‌లోనే మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసినా కాంటా సాఫ్ట్‌వేర్ దాని మీదనే పనిచేస్తది కాబట్టి ఎవరూ మార్చరు, నెట్ కనెక్షన్ ఇయ్యకుంటే మార్చాల్సిన తొందర కూడా లేదని నా అభిప్రాయం.

తిప్పలంతా సిస్టమ్ ఫార్మాట్ కొట్టినంకనే. ఇండికేటర్ (కాంటా బరువు చూపించి కేబుల్‌తో సిస్టమ్‌కి పంపే డబ్బా) మీద బరువు మంచిగనే కనబడ్తది, సిస్టమ్ స్క్రీన్ మీద మాత్రం పిచ్చి గుర్తులొస్తయి లేదంటే ఏమీ రాదు, బయట వడ్ల లారీలు లైన్ కట్టి ఉంటయి, వేబ్రిడ్జి అమ్మినోళ్లకు ఫోన్ చేస్తే చూడకుండనే సిస్టమ్‌ల ఆ కేబుల్ పెట్టే పోర్ట్ కార్డు పోయింది కొత్తది ఎయ్యాలె అంటరు. ఇది అన్యాయం సార్.

కార్డు పోయిందో లేదో తెలుసుకునుడు చాలా ఈజీ. కేబుల్ పీకి సిస్టమ్ వెనక ఉన్న తొమ్మిది పిన్నుల పోర్ట్‌లో 2, 3 పిన్నులు చిన్న వైరు ముక్కతో కలిపి, ఎక్స్‌పీలోనే ఉండే హైపర్‌టెర్మినల్ అనే ప్రోగ్రాంలో కామ్1 (ఆ పోర్ట్ పేరు) తెరిచి ఫ్లో కంట్రోల్ నన్ (None, అంటే ఏమీ వద్దని) పెట్టి ఏదన్నా అక్షరం కొట్టాలె, అది తిరిగి స్క్రీన్ మీదికొస్తే పోర్ట్ బాగున్నట్టే. ఇగ చూడాల్సింది సెట్టింగ్సే. స్పీడు, డేటా బిట్స్ (ఒక్కో అక్షరానికి ఎన్ని బిట్లు), పారిటీ (తప్పు పట్టే బిట్), స్టాప్ బిట్స్ (అక్షరం అయిపోయిందని చెప్పేటివి), ఫ్లో కంట్రోల్ (ఎప్పుడు పంపాలె, ఎప్పుడు ఆగాలె అని చెప్పేది), ఈ ఐదే, ఇవి రెండు దిక్కులా ఒక్క తీరుగ ఉండాలె. సిస్టమ్‌ల డివైస్ మేనేజర్‌లో మామూలుగా 9600, 8, నన్, 1, నన్ ఉంటది, ఇండికేటరేమో 2400లో 7 బిట్స్, ఈవెన్ పారిటీతో పంపుతుంటే గుర్తులు గాక ఇంకేమొస్తయి? చాలా సాఫ్ట్‌వేర్లు పోర్ట్ తెరిచేటప్పుడు వాటి సెట్టింగే పెట్టుకుంటయి కాబట్టి అందులో కూడా చూడాలె. మూడు వైర్ల కేబుల్‌కి ఫ్లో కంట్రోల్ హార్డ్‌వేర్ అని పెడితే బరువు అడిగే కమాండ్ సిస్టమ్ దాటి బయటికే పోదు. యూఎస్‌బీ కన్వర్టర్ వాడేటోళ్లకు పోర్ట్ కామ్7 అనో ఏదో వస్తది, పాత సాఫ్ట్‌వేర్ కామ్4 దాకనే చూస్తే డివైస్ మేనేజర్‌లనే ఆ పోర్ట్ సెట్టింగ్స్ కాడ ఉండే అడ్వాన్స్‌డ్ బటన్‌లోకి పోయి నంబర్ తగ్గించాలె.

నేను అడిగేది ఒక్కటే, వేబ్రిడ్జి అమ్మేటోళ్లు ఆ ఐదు సెట్టింగ్స్ తెలుగులో స్టిక్కర్ మీద రాసి ఇండికేటర్‌కి అంటించి ఇయ్యాలె. ఏటా సీలు ఎయ్యడానికి వచ్చే తూనికలు కొలతల శాఖ సార్లు ఆ స్టిక్కర్ ఉందా అని ఒక్క మాట అడిగినా చాలు, అందరూ అంటిస్తరు. మీ పేపర్ల ఇది వేస్తే వడ్ల సీజన్ మొదలుకాకముందే మిల్లులోళ్లు వాళ్ల డీలర్‌ని అడిగి రాసిపెట్టుకుంటరు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మెకానిక్, మిర్యాలగూడ