జీడి పిక్క ధర ఎవరు నిర్ణయించాలి? పలాస నుంచి, మా దగ్గర జీడిపప్పు తీసుకునేవాళ్లకి

నమస్కారం.

ఈ సీజన్ ధరల పట్టీ పంపిన దగ్గర్నుంచి మీరు అడుగుతున్నవి చాలావరకు రెండే మాటలు. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రైతులు 80 కిలోల పిక్కల (తొక్కతో ఉన్న జీడి గింజల) బస్తాకి 16,000 రూపాయలు అడుగుతున్నారు, ప్రభుత్వమే ఆ ధర ప్రకటించేస్తే సరిపోదా అన్నది ఒకటి. ప్రభుత్వం వేలు పెట్టకుండా ఉంటే మార్కెట్టే ధర తేలుస్తుంది కదా అన్నది రెండోది. ఇది ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకని ముందు లెక్క మీ ముందు పెడతాం. ఆ తర్వాత మా అభిప్రాయం.

బాగా ఎండిన పిక్క 80 కిలోలు ఆడిస్తే పొట్టు తీసిన పప్పు సుమారు 20 కిలోలు దిగుతుంది. బస్తా 12,800కి కొన్నామనుకోండి. అంటే కిలో పప్పులో పిక్క ఖర్చే 640. ఆవిరి పట్టడం, కటింగ్, బోర్మా (పప్పు ఆరబెట్టే వేడి గది), పొట్టు తీత, గ్రేడింగ్, ప్యాకింగ్ అన్నీ కలిపి కిలోకి 90 వేస్తే బస్తా మీద 1,800. మొత్తం 14,600. ఆ 20 కిలోల్లో గుండు (విరగని పప్పు) 12, బద్ద (రెండుగా చీలినది) 5, ముక్క 3 వచ్చాయనుకుని, టోకున గుండు 880, బద్ద 760, ముక్క 620 చొప్పున అమ్మితే చేతికొచ్చేది 16,220. తేడా 1,620. బ్యాంకు వడ్డీ, గోదాము అద్దె, రాని బాకీలు, యజమాని ఇల్లు గడవడం అన్నీ అందులోంచే. పిక్క మార్చి నుంచి మే లోపు కొనేయాలి, ఆడించడం ఏడాదంతా ఉంటుంది. కాబట్టి వీటిలో వడ్డీదే పెద్ద భాగం.

ఆ 1,620 ఎప్పుడూ నిలకడగా ఉండదు. పిక్కలో తేమ 9 శాతం దాటితే గోదాములో బూజు పడుతుంది, పప్పు మీద మచ్చ దిగుతుంది. ఆవిరి చాలకపోతే తొక్క విడవదు, కత్తి పప్పుకి తగులుతుంది. ఆవిరి ఎక్కువైతే తొక్కలోని జీడి నూనె పప్పులోకి దిగి మరక వేస్తుంది. ఉడికిన పిక్క రాత్రంతా చల్లారకుండా కటింగ్‌కి పెడితే గుండు నిలవదు, బద్దలవుతుంది. బోర్మాలో 70 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు నిదానంగా ఆరాలి. తొందరపడి వేడి పెంచితే పప్పు ఎర్రబారుతుంది, తగ్గిస్తే పొట్టు అంటుకుపోయి కత్తితో గీకాల్సి వస్తుంది. ఇలా రెండు కిలోల గుండు ముక్కలోకి జారిందంటే 520 పోయినట్టే. మిగిలే దాంట్లో మూడో వంతు అది.

ఇప్పుడు బస్తా 16,000కి కొంటే ఖర్చు 17,800 అవుతుంది. అమ్మకం 16,220. బస్తాకి 1,580 నష్టం. ఇప్పటి తేడాయే నిలబడాలంటే పప్పు కిలోకి 160 పెంచాలి. రైతుకి దక్కుతుందంటే ఆ 160 ఇస్తామని మీలో కొందరు రాశారు. ఆ మాట మాకు ఎంతో విలువైనది. కానీ మీరు ఇచ్చినంత మాత్రాన అది రైతుకి చేరదు. ఎందుకంటే ఉద్దానం పిక్కకి పోటీ పక్క మండలంలో లేదు, సముద్రం అవతల ఆఫ్రికాలో ఉంది.

దిగుమతి పిక్క మీద సుంకం 2016 బడ్జెట్‌లో 5 శాతం వేశారు, 2018లో 2.5 శాతానికి తగ్గించారు. అదే పిక్క అక్కడే పప్పుగా మారి వస్తే సంగతి వేరు. 2019లో పప్పు దిగుమతి సుంకాన్ని 70 శాతానికి పెంచారు. గుండు కిలో 720 కన్నా, ముక్క 680 కన్నా తక్కువ ధరకి దేశంలోకి రాకూడదని అదే ఏడాది కట్టడి పెట్టారు. వియత్నాం పప్పు వచ్చి మీద పడకుండా పలాస ఫ్యాక్టరీలకి ఇది అడ్డుగోడ. పిక్క పండించే రైతుకి మాత్రం అలాంటి గోడ లేదు, తలుపు తెరిచే ఉంది. కాబట్టి మా వ్యాపారం స్వేచ్ఛా మార్కెట్లో నడుస్తోందని మేం చెబితే అది అబద్ధం. ప్రభుత్వం ఈ సరుకులో ఇప్పటికే వేలు పెట్టింది, అది మావైపు పెట్టింది. ఇటు పెట్టిన వేలు మాకు కనపడకుండా, రైతు వైపు పెడతామంటే మాత్రం మార్కెట్ పాడవుతుందనడం న్యాయం కాదు.

అయితే ధర ప్రకటిస్తే చాలనుకోవడమూ పొరపాటే. ఈ సరుకులో అది జరిగిన దేశాలున్నాయి.

టాంజానియాలో 1970లలో రైతుల్ని కొత్త ఊళ్లకి తరలించారు, చెట్లు దూరమైపోయాయి. కొనేది సర్కారీ బోర్డు ఒక్కటే, ధర తక్కువ, దానికి తోడు బూడిద తెగులు. 1973-74లో లక్షా 40 వేల టన్నులు దాటిన పంట 1986-87 నాటికి 20 వేల టన్నుల లోపుకి పడిపోయింది. అదే దేశంలో 2018 నవంబరులో వేలంలో ధర పలకక రైతులు అమ్మనంటే, కిలోకి 3,300 షిల్లింగులు తామే ఇస్తామని ప్రభుత్వం ప్రకటించి, పంట ఎత్తడానికి సైన్యాన్ని దింపింది. ధర మంచిదే. కానీ కొన్న సరుకు అమ్ముడుపోక గోదాముల్లో ఉండిపోయింది, రైతులకి డబ్బు ఆలస్యమైంది. పిక్క నిల్వ ఉన్నకొద్దీ దిగుబడి తగ్గే సరుకని ఆడించేవాళ్లందరికీ తెలుసు.

ఐవరీ కోస్ట్‌లో ఏటా కనీస ధర ప్రకటిస్తారు. 2018లో కిలోకి 500 సీఎఫ్‌ఏ ఫ్రాంకులు (అక్కడి డబ్బు) అన్నారు. ఆ ఏడాదే ప్రపంచ ధర కూలింది, ఆ రేటుకి కొనేవాళ్లు కరవయ్యారు, మరుసటి ఏడాది 375కి దించారు. 2024లో 275, 2025లో 425, అంటే మన డబ్బులో దాదాపు 60 రూపాయలు. కట్టిన ధర సరిహద్దు అవతలి ధర కన్నా తక్కువైతే సరుకు రాత్రికి రాత్రి సరిహద్దు దాటుతుంది. ఎక్కువైతే కళ్లంలోనే ఉండిపోతుంది.

మార్కెట్‌కి వదిలేయమనేవాళ్లు మొజాంబిక్ కూడా చూడాలి. 1990ల నడుమ, పిక్క ఎగుమతి మీద సుంకం తగ్గించాలని ప్రపంచ బ్యాంకు అప్పుకి షరతు పెట్టింది. రైతుకి మంచి ధర వస్తుందన్నది లెక్క. పిక్క ఓడల్లో వెళ్లిపోయింది, అక్కడి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వేలమంది కూలి పోయింది. రైతు కుటుంబానికి పెరిగిన ఆదాయం ఏడాదికి సుమారు ఐదు డాలర్లని ఆ తర్వాత ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. మిగతాది నడుమనున్న వ్యాపారుల దగ్గర ఆగింది. ఆ పిక్క ఎక్కువగా వచ్చింది మన దేశానికే. వాళ్ల ఊళ్లో పోయిన కూలి మన ఊళ్లో కూలైంది. పొట్టు తీసే ఆడవాళ్ల పని గురించి మాట్లాడినప్పుడల్లా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన జిల్లాకి ఈ వాదన కొత్త కాదు. 1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది ఇక్కడే, పలాసలో. ఆ కిసాన్ సభ స్థాపించినవాళ్లలో ఒకరైన ఎన్.జి.రంగా 1959లో ప్రణాళికల పెత్తనాన్ని ఎదిరిస్తూ పుట్టిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు, నాలుగో లోక్‌సభలో శ్రీకాకుళానికి ప్రతినిధిగా కూర్చున్నారు. మన బారువకి చెందిన గౌతు లచ్చన్నదీ అదే పార్టీ. ఆ రోజుల్లోనే, 1967 అక్టోబరు 31న లేవిడిలో గిరిజనుల మీద కాల్పులు జరిగి, వడ్డీ వ్యాపారుల మీద, భూముల దోపిడీ మీద కొండల్లో పోరాటం రాజుకుంది. ఒక వైపు రైతు సర్కారు పెత్తనం వద్దన్నాడు, ఇంకో వైపు గిరిజనుడు షావుకారు పెత్తనం వద్దన్నాడు. మా దృష్టిలో ఇద్దరూ నిజమే చెప్పారు.

ఇక పిక్క దగ్గరకి వద్దాం. ఒకే ధర కట్టడంలో ఉన్న అసలు చిక్కు కోత పరీక్షలో కనిపిస్తుంది. లారీలో పదింట ఒక బస్తా నుంచి పిక్క తీసి కలిపి, ఒక కిలో తూచి, ఎన్ని పిక్కలో లెక్కపెడతారు. 170, 180 వస్తే గింజ పెద్దది. 210 దాటితే చిన్నది. తర్వాత ప్రతి పిక్కనీ నిలువునా కోసి మంచివి, మచ్చవి, లొట్టవి (లోపల పప్పు సరిగా లేనివి) వేరువేరుగా తూస్తారు. రెండూ 80 కిలోల బస్తాలే, ఒకదానిలో 22 కిలోల పప్పు, ఇంకోదానిలో 18. ఆ నాలుగు కిలోల తేడా పై లెక్కన మూడు వేల రూపాయల పైమాట. రెండింటికీ ఒకటే ధరంటే లొట్ట బస్తా సర్కారు కాటాకి వెళ్తుంది, మంచి బస్తా బయట అమ్ముడవుతుంది. గోదాము నిండా నాసిరకం మిగులుతుంది. ఇది అధికారి తప్పు కాదు. వజ్రపుకొత్తూరులో ఏప్రిల్ రెండో వారంలో ఏ తోట పిక్క ఎలా ఉందో కాగితం మీద రాసి పైకి పంపలేరు.

అందుకని మా అభిప్రాయం ఇది. మామూలు ఏడాదిలో ధర బేరంలోనే తేలాలి. కానీ ఆ బేరం మార్కెట్ యార్డులో, అందరికీ కనపడే బోర్డు మీద, తేమ మీటరు, కోత పరీక్ష, ముద్ర వేసిన కాటాతో జరగాలి. ఇవి పెట్టి నడిపించడం ప్రభుత్వం పని. ధర కూలిన ఏడాది మాత్రం ముందే చెప్పిన కనీస ధరకి, నాణ్యత బట్టి రెండు మూడు మెట్లు పెట్టి, నిర్ణీత పరిమాణం మేరకు ప్రభుత్వమే కొనాలి. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గరే తీరం దాటి జీడి తోటల్ని నేలకూల్చింది. కొత్తగా నాటిన చెట్టు కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. అలాంటి రైతుకి మార్కెట్ చూసుకుంటుందిలే అని చెప్పడానికి మాకు నోరు రాదు. పిక్క మీద సుంకం 2.5 నుంచి పెంచాలన్న మాట మీద మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. పెంచితే రైతుకి మేలు, కానీ ఏడాది పొడవునా పని దొరకాలంటే దిగుమతి పిక్క కావాలి.

కొనుగోలుదార్లు ముందే కూర్చుని ఈ వారం ఇంతకు మించి పెట్టొద్దని కూడబలుక్కుంటే అది మార్కెట్ కాదు. పోటీ చట్టం 2002 ప్రకారం అది నేరుగా తప్పు. అలాంటి మాటల్లో మేం కూర్చోం. తరుగు పేరుతో బస్తాకి రెండు కిలోలు తూకంలో కోసేయడం కూడా అంతే. 12,800 బస్తా మీద అది రైతు జేబులోంచి 320 తీయడం. ఆ పని మార్కెట్టూ చెయ్యదు, ప్రభుత్వమూ చెయ్యదు. కాటా దగ్గర నిలబడ్డ మనిషి చేస్తాడు, పక్కనున్నవాళ్లు చూస్తూ ఊరుకుంటారు.

మీరు చేయగలిగింది ఏమిటని అడిగినవాళ్లకి మొదటి జవాబు: బిల్లు అడగండి. రైతు దగ్గర పిక్క కొన్నప్పుడు 5 శాతం జీఎస్టీ కట్టాల్సింది రైతు కాదు, రివర్స్ ఛార్జి కింద కొన్న వ్యాపారి. రైతు తరఫున బిల్లు రాసుకోవాల్సిందీ వ్యాపారే. ఎంత తూకం, ఎంత ధర అన్నది అందులో ఉంటుంది. ఆ పన్ను తర్వాత పప్పు బిల్లు మీద కట్టాల్సిన పన్నులో సర్దుబాటవుతుంది. పప్పు బిల్లు లేకుండా అమ్ముడైతే పిక్క కూడా కాగితం లేకుండానే కొని ఉంటారు, ఆ రైతుకి ఎంత ముట్టిందో ఎవరూ రుజువు చేయలేరు. బిల్లు వద్దు, పన్ను తగ్గించి ఇవ్వండి అని మాకు తెలిసినవాళ్లే అడుగుతుంటారు. దయచేసి అడగొద్దు.

రెండోది ఓటు. మద్దతు ధర ఇస్తామని గుమ్మంలోకి వచ్చినవాళ్లని మూడు ప్రశ్నలు అడగండి: ఎవరు కొంటారు, డబ్బు ఏ పద్దులోంచి, కొన్నది ఎక్కడ నిల్వ పెట్టి ఎవరికి అమ్ముతారు? వ్యాపారానికి అడ్డు తొలగిస్తామనేవాళ్లనీ అడగండి: తరుగు కోసినవాడి మీద రైతు ఎవరికి ఫిర్యాదు చేయాలి, ఎన్ని రోజుల్లో తేలుతుంది? గ్రామసభలో అడిగితే మినిట్స్‌లో రాయించండి. పప్పు కొనే ఊరివాళ్లు, పిక్క పండించే ఊరివాళ్లు ఒకే ప్రశ్న అడిగితే దాటవేయడం కష్టం.

ఇక మా వైపు మార్పులు. ఈ నెల నుంచి ప్రతి ప్యాకెట్ మీద పిక్క ఉద్దానానిదా దిగుమతిదా, ఆ లాటు బస్తా ఎంతకి కొన్నాం, ఆడించిన నెల ఏది అని ఉంటుంది. గ్రేడు మీరే సరిచూసుకోవచ్చు. వంద గ్రాములు తూచి లెక్కపెట్టండి: 320 రకమైతే (అంటే పౌనుకి 320 గుండ్ల దాకా) 66 నుంచి 71 గుండ్లు, 240 రకమైతే 48 నుంచి 53. 320 పేరుతో వచ్చిన ప్యాకెట్లో 75 ఉంటే అది చిన్న గింజ, వెనక్కి పంపండి, రవాణా ఖర్చు మాదే. పప్పు విరిస్తే టక్కున విరగాలి. మెత్తగా వంగితే తేమ 5 శాతం దాటినట్టు, అదీ పంపండి.

ధరలు: 320 గుండు కిలో 980, బద్ద 850, ముక్క 700, జీఎస్టీ కలిపి. దీపావళి దాకా మార్చం. వానాకాలంలో రెండు కిలోలకి మించి ఒకేసారి తీసుకోకండి. తెరిచిన ప్యాకెట్ మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పోసి పెట్టుకోండి.