ఎన్ని మిల్లీలు తాగిందో తెలియదమ్మా

లైప్‌జిగ్, జర్మనీ
ఆదివారం రాత్రి

అమ్మకి,

నాన్న మోకాలి కట్టు విప్పారని తమ్ముడు చెప్పాడు. అప్పుడే మెట్లెక్కనివ్వకు. మేం ముగ్గురం బాగున్నాం. రోజూ ఫోన్లో మాట్లాడుతూ మళ్లీ ఉత్తరమేంటి అనుకుంటావు. నువ్వు ఫోన్ స్పీకర్లో పెడతావు, వెనకాల పిన్ని, పెద్దమ్మ, పాలమ్మాయి అందరూ ఉంటారు. ఈ సంగతి వాళ్ల ముందు చెప్పలేను. పక్కవీధి అబ్బాయి ఊరొస్తున్నాడు, అతనితో పంపిస్తున్నాను.

ఆసుపత్రిలో ఉన్న 12 రోజులూ పాప నా దగ్గర తాగలేదమ్మా. "తాగుతోందా?" అని నువ్వడిగితే "ఆ, తాగుతోంది" అన్నాను. తాగిన మాట నిజమే, సీసాతో. 35 వారాలకే పుట్టింది కదా, 2 కిలోల 100 గ్రాములు. మొదట ముక్కులో సన్న గొట్టం, తర్వాత సీసా. నేను పంపుతో తీసినవి కొన్ని, చాలనప్పుడు డబ్బా పాలు. ఇంటికొచ్చాక రొమ్ము దగ్గర పెడితే రెండుసార్లు చప్పరించి, తల తిప్పేసుకుని, ఒళ్లంతా ఎర్రగా చేసుకుని ఒకటే ఏడుపు. నా పిల్లకి నేనే నచ్చలేదనిపించింది. ఆ వారం మీ అల్లుడిని నేనన్న మాటలు ఇక్కడ రాయను.

ఆఫీసు సంగతి అడిగావు. తక్కువ బరువుతో ముందే పుట్టింది కాబట్టి కాన్పు తర్వాత సెలవు 8 వారాలకి బదులు 12. ఉద్యోగం ఎక్కడికీ పోదు.

ఇక్కడ మంత్రసానిని హెబామ్మె అంటారు. ఇంటికే వస్తుంది, డబ్బు బీమా వాళ్లిస్తారు. 'అమ్మె' అంటే వీళ్ల భాషలో పరాయి బిడ్డకి పాలిచ్చే దాది. నాకు మాత్రం ప్రతిసారీ అమ్మే అని వినపడుతుంది. మొదటిరోజు ఆవిడ పాప బట్టలు విప్పి, డైపర్‌తోనే నా గుండెల మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, తను కాఫీ తాగుతూ కూర్చుంది. "ఇవాళ పాలు పట్టే ప్రయత్నం వద్దు, ఊరికే వాసన తెలియనీ" అంది.

నాన్న గేదె దగ్గర కూర్చుని "చేపనీ, తొందరేంటి" అనేవారు గుర్తుందా? అచ్చం అదే. సీసా అయితే నోట్లో పెట్టగానే పాలొస్తాయి. నా దగ్గర పాలు దిగి చేపు వచ్చేదాకా ఒకటి రెండు నిమిషాలు లాగాలి, దీనికి అంత ఓపిక లేదు. అందుకని ముందు కాసేపు పంపుతో తీసి, చేపు వచ్చాక పాపని పెట్టుకోమంది. అదీ ఆకలితో గుక్కపట్టకముందే, సగం నిద్రలో పెదాలు కదుపుతున్నప్పుడు. నేను పాప మీదికి వంగకుండా పాపనే దగ్గరికి తెచ్చుకోవాలి. చంకలో బిందె పెట్టుకున్నట్టు పట్టుకుని, గడ్డం ముందు ఆనించి, నోరు బాగా తెరిచేదాకా ఆగాలి. సీసా పట్టేటప్పుడు కూడా పాపని నిటారుగా కూర్చోబెట్టి, సీసాని అడ్డంగా ఉంచి, మధ్యమధ్యలో ఆపుతూ పట్టాలి. సన్న బెజ్జం పీక. ఈ పనిలో మీ అల్లుడు నాకంటే నయం.

అత్తయ్యగారు రోజూ వీడియోలో "ఎన్ని మిల్లీలు తాగింది?" అని అడుగుతారు. సీసా మీద గీతలుంటాయి కాబట్టి చెప్పేదాన్ని. పుస్తకంలో రాసుకునేదాన్ని కూడా. నా మీద గీతలు లేవు కదమ్మా. హెబామ్మె ఆ పుస్తకం మూసేసి డైపర్లు లెక్కపెట్టమంది. రోజుకి ఆరుకి తగ్గకుండా తడవాలి. తూకం ఆవిడే వేస్తుంది, పాపని గుడ్డలో వేసి కొక్కేనికి తగిలించి. మన చేపల సంతే.

ఒకటి చెప్తాను, తిట్టకు. మధ్యలో పంతానికి పోయి రెండు రోజులు సీసా దాచేశాను. పాప నీరసంగా నిద్రలోనే ఉండిపోయింది, డైపర్లు నాలుగుకి పడిపోయాయి. హెబామ్మె గట్టిగా కోప్పడింది. ముందు కడుపు నిండాలి, ఎలా నిండిందన్నది తర్వాత అంది. మళ్లీ సీసా తీశాను. ఇప్పుడు 2 కిలోల 800 ఉంది.

గురువారం రాత్రి మూడింటికి దీపం వేయకుండా పెట్టుకున్నాను. చప్పరించడం ఆగి గుటక వినిపించింది. మళ్లీ ఇంకోటి. లెక్కపెట్టబోయి మానేశాను. ఆ తర్వాత రెండుసార్లు మళ్లీ మొండికేసింది, నిన్న నాలుగుసార్లు తాగింది. మిగతావి సీసాయే.

నువ్వు రాలేకపోయావని నాకేం బాధ లేదు. నాన్నని ఎవరు చూస్తారు? వెల్లుల్లి కారం రోజూ తింటున్నాను. తేనె నాకించమన్నావు కదా, అది మాత్రం చేయను, ఏడాది నిండేదాకా పెట్టకూడదట. పిన్ని ఏమన్నా సరే. తెలగపిండి మాత్రం పంపు, మునగాకు ఇక్కడ ఎండుది దొరుకుతుంది.

నాకు ఎన్నాళ్లు తిప్పలుపెట్టాక పాలు తాగడం వచ్చిందో రాయి. తమ్ముడి సంగతి వద్దు, వాడు పుట్టగానే తాగి ఉంటాడు.

హెబామ్మె సీసాకి బదులు చిన్న గిన్నెతో కూడా పట్టొచ్చని చూపించింది. చూడగానే మన వెండి ఉగ్గుగిన్నె గుర్తొచ్చింది. ఆ అబ్బాయి నెల తర్వాత తిరిగొస్తాడు, అతనికిచ్చి పంపు. అప్పటికి దాని అవసరం ఉండకపోవచ్చు. అయినా పంపు. ముక్కు దగ్గరి సొట్ట తీయించకు.

నీ
పెద్దమ్మాయి