ఆవకాయ పది రోజులు ఆలస్యం అవుతుంది, కారణం ఇదీ

ఈ ఏడు ఆవకాయకి ముందే డబ్బు కట్టిన మీ అందరికీ నమస్కారం. మీ జాడీలు పది రోజులు ఆలస్యంగా వస్తాయి. నూజివీడు కాయ బాగానే దిగింది. మా వంటశాలలో ప్రమాదం జరిగింది, అదీ నా అశ్రద్ధ వల్ల.

కాటా కరెంటు వైరు నడిచే దారికి అడ్డంగా ఉండేది. గోడకి ఇంకో ప్లగ్గు పెట్టించమని మావాళ్లు రెండుసార్లు అడిగారు. సీజన్ అయ్యాక చూద్దామన్నాను. పోయిన సోమవారం, పన్నెండేళ్లుగా మా దగ్గర ఆవకాయ కలిపే అక్క ఆవపిండి బేసిన్ ఎత్తుకుని వస్తుంటే ఆ వైరు కాలికి తగిలింది. పడటం పడటం కణత సిమెంటు గట్టు అంచుకి కొట్టుకుంది.

రక్తం రాలేదు, బొప్పి కట్టింది. బయటికి కట్టిందిగా, లోపలేం ఉండదులే అనుకున్నాం. అక్క కూడా "ఏం కాలేదు బాబూ" అని టీ తాగి మళ్లీ పనిలో కూర్చుంది. నేను కూర్చోనిచ్చాను. రెండు గంటలకి వాంతి, కాసేపటికి ఇంకోటి. ఐదు కిలోల ముక్కలకి ఉప్పెంతో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి, నేను అడిగితే నా ముఖం వంక చూస్తూ ఉండిపోయింది. కాళ్లూ చేతులూ ఆడలేదు నాకు. 108కి ఫోన్ చేశాం.

స్కాన్‌లో పుర్రెకీ మెదడుకీ మధ్య కొద్దిగా రక్తం చేరినట్టు తేలింది. రక్తం పలచబడే మందులు వాడుతుందా అని డాక్టరుగారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. గుండెకి వాడుతోందని వాళ్లబ్బాయి వచ్చి చెప్పాడు. అవి వాడేవాళ్లకి చిన్న దెబ్బకే లోపల రక్తం కారొచ్చట. పన్నెండేళ్లుగా కలిసి పనిచేస్తూ ఆ సంగతి నేను అడగనే లేదు.

ఆపరేషన్ అవసరం పడలేదు. నాలుగో రోజు ఇంటికి పంపారు. తలనొప్పి పెరిగినా, మత్తుగా ఉన్నా, చేతిలో పట్టు తప్పినా, కొన్ని వారాల తర్వాతైనా సరే వెంటనే తీసుకురమ్మన్నారు.

మేం ఆరుగురమే. పదిమంది లేరు కాబట్టి మాకు ఈఎస్‌ఐ లేదు. ఆస్పత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను, అక్క కోలుకునేదాకా జీతం ఆగదు. వైరు గోడలోకి వెళ్లింది. నూనె వంపే చోట గరుకు బండలు వేయిస్తున్నాం, అందుకే వారం పని ఆపాం. ఆ రోజు కొట్టిన ముక్కలు పారబోశాం.

బుధవారం నుంచి మళ్లీ కలుపుతాం, ధర మారదు. ఆగలేనివాళ్లు ఫోన్ చేయండి, ఆ రోజే డబ్బు వెనక్కి పంపిస్తాను.