హోంగార్డు కాలు విరిగితే ఎవరి లెక్క?

సంపాదకులకు,

మొన్న మీ జిల్లా పేజీలో ఒక ఫోటో చూశాను. చనిపోయిన హోంగార్డు భార్యకు పోలీసు అధికారి చెక్కు అందిస్తున్నారు. ఆ సొమ్ము తోటి హోంగార్డులు తలా ఒక రోజు భత్యం వేసుకుని పోగుచేసినదని కింద రాశారు. ఇలాంటి ఫోటో నేను చూడడం ఇది మొదటిసారి కాదు. చెక్కు పట్టుకున్న చెయ్యి ప్రభుత్వానిది, అందులోని డబ్బు రోజుకు 710 రూపాయల మీద బతికే మనుషులది. మీ విలేకరి సంగతి రాశారు గానీ, ఎందుకిలా అని అడగలేదు.

నేను గవర్నరుపేటలో దర్జీని. ముప్పై ఏళ్లుగా ఖాకీ కుడుతున్నాను. కానిస్టేబులుకైనా హోంగార్డుకైనా అవే రెండు జేబులు, అవే భుజం పట్టీలు. కుట్టుకూలి కూడా ఇద్దరి దగ్గరా ఒకటే తీసుకుంటాను. తేడా అంతా బిళ్ల దగ్గరే. అది ఎంత పెద్ద తేడానో హోంగార్డుగా ఉన్న మా బావమరిదికి, అంటే మా చెల్లెలి భర్తకి, కాలు విరిగాక తెలిసింది.

2022 దసరాల్లో మూలా నక్షత్రం నాటి మాట. ఆ రోజు వన్‌టౌన్ ఎలా ఉంటుందో బెజవాడ వాళ్లకు చెప్పనక్కరలేదు. దుర్గమ్మ దర్శనానికి అర్ధరాత్రి నుంచే జనం వరుస కడతారు. వినాయకుడి గుడికి కాస్త ఇవతల బారికేడ్ దగ్గర అతను బండ్లు మళ్లిస్తున్నాడు. తెల్లవారుజామున ఒక మినీ లారీ వెనక్కి వస్తూ బారికేడ్‌ను గుద్దింది. ఆ ఇనుప చట్రం అతని ఎడమ కాలి మీద పడి, మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. పక్కనే ఉన్న కానిస్టేబులుకు మణికట్టు విరిగింది. ఇద్దరినీ ఒకే జీపులో ఆసుపత్రికి తీసుకువెళ్లారు.

జీపు దిగాక దారులు వేరయ్యాయి. కానిస్టేబులు సెలవు పెట్టుకున్నాడు, జీతం వచ్చింది. రావాల్సిందే, ఆ అబ్బాయి మీద నాకు అసూయ లేదు. విధుల్లో దెబ్బ తగిలిన ప్రభుత్వోద్యోగికి ప్రత్యేక అశక్తత సెలవు అని నిబంధనల్లోనే ఉంది. హోంగార్డుకు ఇచ్చేది డ్యూటీ భత్యం. నిలబడిన రోజుకే లెక్క. మా వాడు తొంభై రోజులు మంచంలో ఉన్నాడు. 63,900 రూపాయలు పోయాయి. ఆపరేషను ఆరోగ్యశ్రీలో జరిగింది, కాదనను. కానీ ఆసుపత్రికి తిరిగిన ఆటోలు, కాలికి వ్యాయామం చేయించినందుకు ఫీజు, ఇంటి అద్దె, పిల్లవాడి కాలేజీ రెండో వాయిదా, అన్నీ కలిసి మా చెల్లెలి గాజులను తాకట్టు కొట్టుకు చేర్చాయి. లారీ మీద వేసిన కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంది.

బీమా లేదా అని అడుగుతారు. ఉంది. భత్యం పడే బ్యాంకు ఖాతాతో వచ్చింది. ఆ కాగితం దుకాణంలో కూర్చుని నేనే రెండుసార్లు చదివాను. ప్రాణమైనా పోవాలి, కాలో కన్నో శాశ్వతంగానైనా పోవాలి. అతుక్కునే ఎముకకు అందులో చోటు లేదు.

ఏ కార్యాలయం చుట్టూ తిరిగామో రాయను. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు, కుర్చీ వేసి మరీ చెప్పాడు: "మీ వాడిది స్వచ్ఛంద సేవ కదండీ." హోంగార్డుల చట్టం 1948 నాటిది. 1962 చైనా యుద్ధం తరవాత దేశమంతటా ఈ దళాన్ని ఒక తీరుకు తెచ్చారు. స్వచ్ఛంద సేవ అన్నది తీరిక వేళల్లో వచ్చి సాయపడే పౌరులను ఊహించుకుని రాసిన మాట. 2016 పుష్కరాల పన్నెండు రోజులూ ఘాట్ల దగ్గర నిలబెట్టినప్పుడు ఎవరూ "నీకు ఇష్టమైతేనే రా" అనలేదు. 2024లో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, అతుకుపడిన అదే కాలితో నడుము లోతు నీళ్లలో పాల ప్యాకెట్లు మోశాడు. అప్పుడూ అనలేదు. దెబ్బ తగిలిన మర్నాడే ఈ స్వచ్ఛందం గుర్తుకు వస్తుంది.

హిమాచల్ హోంగార్డుల కేసులో 2015లో సుప్రీంకోర్టు వీరు రెగ్యులర్ ఉద్యోగులు కారంటూనే, నెలంతా పనిచేస్తే వచ్చే భత్యం పోలీసుల కనీస వేతనానికి తగ్గకూడదని చెప్పింది. మంచిదే, కానీ అది నిలబడిన రోజుల మాట. పడిపోయిన రోజుల మాట 1923లోనే కార్మికుల నష్టపరిహార చట్టంలో రాశారు. మిల్లులో బస్తా పడి కాలు విరిగిన కూలీకి పనికి వెళ్లలేనంత కాలం సగం కూలీ, 2009 సవరణ నుంచి వైద్యం ఖర్చు కూడా, యజమాని ఇవ్వాలి. నెలకు 15,000 తెచ్చుకునే నలభై అయిదేళ్ల మనిషి పనిలో చనిపోతే, 2020లో సవరించిన లెక్కన 12,70,800 రూపాయలు. మిల్లు యజమాని చేత ఇంత కట్టించగల ప్రభుత్వం, తన బారికేడ్ దగ్గర తానే నిలబెట్టిన మనిషి దగ్గరికి వచ్చేసరికి నీళ్లు నములుతుంది.

అమెరికాలో ఉన్న మా పెద్దమ్మాయి ఫోనులో అక్కడి 1976 నాటి చట్టం చదివి వినిపించింది. విధుల్లో చనిపోయిన పోలీసు కుటుంబానికి కేంద్రమే డబ్బు ఇస్తుంది, అతను జీతం తీసుకున్నా తీసుకోకపోయినా సరే. ఊళ్లో ఉచితంగా పనిచేసే వాలంటీరు పోలీసుకూ అదే మొత్తం. ఆ చట్టం కూడా విరిగిన కాలికి డాలరు ఇవ్వదు, చావుకూ శాశ్వత వైకల్యానికే. అయినా "జీతం తీసుకోకపోయినా" అన్న ఒక్క మాట దగ్గర నా కత్తెర ఆగింది.

మనకూ అలాంటి ఒక ఉత్తర్వు చాలు. డ్యూటీలో గాయపడిన హోంగార్డుకు డాక్టరు సరేననేంతవరకు ప్రతి రోజునూ డ్యూటీ రోజుగానే లెక్కవేయాలి. చనిపోతే ఇంత అని అంకె రాసి ఖజానా నుంచి ఇవ్వాలి. తోటివాళ్లు ఇచ్చుకునేది దానికి అదనం కావాలి.

పేరు వెయ్యవద్దని మనవి. మా వాడు ఇంకా డ్యూటీలో ఉన్నాడు. ఈ దసరాకు కొత్త ప్యాంటు అడిగాడు. కొలతలు తీశాను: ఎడమ కాలు అర అంగుళం తక్కువ.

ఒక దర్జీ,
గవర్నరుపేట, విజయవాడ