రాసుకున్న రాత్రి నిద్ర పట్టింది

సంపాదకులకు నమస్కారం.

యుద్ధం నుంచి తిరిగొచ్చాక మావారు చాలాకాలం ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడలేదు. తలుపు దబ్బున పడితే చాలు, గోడకి అతుక్కుపోయేవారు. ఒక రాత్రి పాత డైరీలో నాలుగు పంక్తుల కవిత రాశారు. చనిపోయిన స్నేహితుడి బూట్ల గురించి. పెన్సిల్ ఎంత ఒత్తి పట్టారంటే కాగితం చిరిగింది. ఆ రాత్రి తెల్లవార్లూ కదలకుండా నిద్రపోయారు.

1917లో ఎడిన్‌బరోలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ సైనిక ఆసుపత్రిలో మొదటి ప్రపంచ యుద్ధంలో మనసు దెబ్బతిన్న ఇంగ్లీషు సైనిక కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్‌ని రాయమని ప్రోత్సహించింది ఆయన డాక్టరే. అక్కడే పరిచయమైన మరో సైనిక కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్ ఓవెన్ కవితలు దిద్దారు. మందులు మానేయమనడం లేదు, మావారూ మాత్రలు వేసుకుంటున్నారు. కానీ డాక్టరుకి చెప్పలేనిది కాగితానికి చెప్పుకోగలిగారు. మాజీ సైనికుల చికిత్సలో ఒక నోటుబుక్కుకీ, ఓపిగ్గా వినే మనిషికీ చోటివ్వండి.

- ఒక మాజీ సైనికుడి భార్య