హీరోయిన్ కథలకి కలెక్షన్లు రావనే మాట మీద సినిమా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారమండి.

హీరోయిన్ మీద కథ నడిస్తే డబ్బులు రావు అనే మాట ఇండస్ట్రీలో ఎవర్ని కదిపినా వస్తుంది, ప్రొడ్యూసర్ అంటాడు, బయ్యర్ అంటాడు, సినిమాలకి సాయం ఇచ్చే మీ శాఖ కమిటీల్లో కూడా ఇదే నడుస్తుందేమో అని నా భయం.

లెక్కలు అలా లేవు సార్. 2014 నుంచి 2017 దాకా బాగా ఆడిన 350 సినిమాల్ని అమెరికాలో నటీనటుల వ్యవహారాలు చూసే సీఏఏ ఏజెన్సీ, అక్కడిదే షిఫ్ట్‌7 కంపెనీ కలిసి బడ్జెట్ల వారీగా విడగొట్టి చూస్తే, చిన్న బడ్జెట్ నుంచి భారీ బడ్జెట్ దాకా అన్నిట్లోనూ ఆడవాళ్ళు లీడ్ చేసిన సినిమాల సగటు కలెక్షనే ఎక్కువ. అవి ఎలాగూ హిట్టయినవే కదా అంటారా, నిజమే, ఫ్లాపులు అందులో లేవు.

అందుకే నాకు అమెరికాలో అంకెలతో వార్తలు రాసిన వెబ్‌సైట్ ఫైవ్‌థర్టీఎయిట్ వాళ్ళు 2014లో చేసిన లెక్క ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. బెక్డెల్ టెస్ట్ ఉంది కదండీ, సినిమాలో ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి, ఒకరితో ఒకరు మాట్లాడాలి, అది మగాడి గురించి కాకుండా ఉండాలి, అంతే. 1990 నుంచి 2013 దాకా వచ్చిన 1,600 పైచిలుకు సినిమాల్ని దీంతో చూస్తే, పాసైన వాటికి పెట్టిన డాలరు మీద రాబడి ఏం తగ్గలేదు, తగ్గింది వాటికిచ్చిన బడ్జెట్టే. ఈ టెస్ట్‌కీ లోపాలున్నాయి, చెప్పుల గురించి రెండు ముక్కలు మాట్లాడుకున్నా పాసే, సాండ్రా బుల్లక్ దాదాపు ఒక్కతే మోసిన గ్రావిటీ మాత్రం ఫెయిల్.

అసలు గొడవంతా ఈ బడ్జెట్ దగ్గరే సార్. ముందే తక్కువ పెడతారు, పబ్లిసిటీ ఉండదు, దొరికిన నాలుగు స్క్రీన్లలో కూడా జనం రాని టైముకి షోలు వేస్తారు, మౌత్ టాక్ వచ్చేలోపే సోమవారం తీసేసి చూశారా ఆడలేదు అంటారు, ఆ ఫ్లాపు చూపించి తర్వాత వచ్చే అమ్మాయి కథకి ఇంకా కోస్తారు. 2023లో గ్రెటా గెర్విగ్ తీసిన బార్బీకి డబ్బూ పబ్లిసిటీ స్క్రీన్లూ అన్నీ ఇచ్చారు, 140 కోట్ల డాలర్లు దాటింది. ఒక్క సినిమాతో రూల్ తేల్చలేం కానీ అన్నీ ఇచ్చినప్పుడు జనం వచ్చారు కదా.

కోటా పెట్టమని అడగట్లేదండి. మీ సాయం తీసుకునే ప్రతి సినిమా దగ్గరా ఆడపాత్రలకి ఎన్ని సీన్లు, ఎన్ని డైలాగులు, బడ్జెట్ ఎంత, పబ్లిసిటీకి ఎంత, ఎన్ని స్క్రీన్లు, ఎన్ని రోజులు, చివరికి వచ్చిందెంత, ఇవన్నీ రాయించుకుని ఏటా బయట పెట్టండి, ఫ్లాపులతో సహా. వచ్చే విడత అప్లికేషన్ ఫారంలోనే ఈ కాలమ్స్ పెట్టించండి సార్.

ఇట్లు,
ఒక సినిమా ప్రేక్షకురాలు